స్మోకీస్ దారిలో గవర్నర్ బ్లంట్ ఇల్లు: ఏ వరుసలో, ఎలా చూడాలి

టెనెస్సీలో స్మోకీ కొండలు (స్మోకీస్) చూడటానికి గాట్లిన్‌బర్గ్ వెళ్లే చాలా తెలుగు కుటుంబాలకు నాక్స్‌విల్ అంటే గ్యాస్ కొట్టించుకోవడానికో, లంచ్‌కో ఆగే ఊరు. హైవే మీద నుంచి బంగారు రంగు గోళం ఒకటి కనిపిస్తుంది, అది 1982 వరల్డ్స్ ఫెయిర్ నాటి సన్‌స్ఫియర్. పిల్లలు "అదేంటి?" అని అడిగేలోపు ఊరు దాటిపోతుంది. ఆ గోళానికి మైలు లోపే, టెనెస్సీ నది పక్కన గుట్ట మీద, 1792లో కట్టడం మొదలుపెట్టిన చెక్క ఇల్లు ఒకటి ఇప్పటికీ నిలబడి ఉంది. అమెరికా రాజ్యాంగం మీద సంతకం చేసిన 39 మందిలో ఒకడైన విలియం బ్లంట్ ఇల్లు అది. పేరు బ్లంట్ మాన్షన్. స్పెల్లింగ్ చూసి బ్లౌంట్ అని చదవాలనిపిస్తుంది గానీ అక్కడివాళ్లు బ్లంట్ అనే అంటారు, దారి అడిగేటప్పుడు అలాగే అడగండి.

నేరుగా వెళ్లి, టికెట్ కొని, గైడ్ వెంట గదులన్నీ తిరిగి వస్తే గంట సేపట్లో అయిపోతుంది. అలా చూసినవాళ్లు చాలామంది "ఇంతేనా?" అంటూ బయటికి వస్తారు. తప్పు ఇంటిది కాదు, చూసే వరుసది. ముందు దగ్గర్లోని వైట్ కోటలో దుంగల ఇల్లు, తర్వాత బ్లంట్ ఇల్లు, ఆ తర్వాత వెనక వంటిల్లు, ఆఫీసు, చివర్లో నది ఒడ్డు. ఈ వరుసలో చూస్తే అదే ఇల్లు వేరేగా కనిపిస్తుంది. సగం రోజు పెట్టుకుంటే చాలు.

బయలుదేరే ముందు

ఇది పెద్ద ప్రభుత్వ మ్యూజియం కాదు. 1920ల నుంచి ఒక చిన్న సంఘం చందాలతో, టికెట్ డబ్బులతో నడిపిస్తోంది. అందుకని తెరిచే రోజులు, వేళలు కాలాన్ని బట్టి మారుతుంటాయి. ముందురోజు వాళ్ల వెబ్‌సైట్ చూడండి. రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్తుంటే ఫోన్ చేసి చెప్పండి, చిన్న గదుల్లో ఇరవై మందిని ఒకేసారి తిప్పడం గైడ్‌కీ కష్టమే, మీకూ ఏమీ వినపడదు. ఆదివారం, సోమవారం తీసి ఉంటుందని మాత్రం అనుకోకండి. మనవాళ్లు ఎక్కువగా శుక్రవారం వెళ్లి ఆదివారం తిరిగొస్తారు కాబట్టి తిరుగు ప్రయాణంలో చూద్దామని పెట్టుకుంటే తలుపులు మూసి ఉండే అవకాశం ఎక్కువ. వెళ్లేటప్పుడే చూసేయండి.

నాష్‌విల్ నుంచి వచ్చేవాళ్లు గడియారం సంగతి గుర్తుపెట్టుకోవాలి. నాష్‌విల్ సెంట్రల్ టైమ్, నాక్స్‌విల్ ఈస్టర్న్ టైమ్. ప్రయాణం మూడు గంటలే అయినా తొమ్మిదింటికి బయలుదేరితే అక్కడ ఒంటిగంట అవుతుంది. చివరి టూర్ ఎన్నింటికో చూసుకోకపోతే అనవసరమైన టెన్షన్. అట్లాంటా నుంచి ఐ-75 మీద వస్తే నాక్స్‌విల్ దారిలోనే పడుతుంది. షార్లెట్ నుంచి వచ్చేవాళ్లు స్మోకీస్ దాటి కాస్త ముందుకు రావాలి. వాళ్లు ఇంకొకటి కూడా చూసుకోవాలి: 2024 సెప్టెంబర్‌లో హెలీన్ తుఫాను వరదకి పిజన్ నది పక్కన ఐ-40 కొట్టుకుపోయింది. అక్కడ రోడ్డు ఎలా ఉందో, ఎన్ని లేన్లు తెరిచారో బయలుదేరే రోజు చూసుకోండి.

డౌన్‌టౌన్‌కి ఐ-40 మీద 388ఎ ఎగ్జిట్ తీసుకుని జేమ్స్ వైట్ పార్క్‌వే మీదికి వస్తే సరిపోతుంది. ఇల్లు వెస్ట్ హిల్ అవెన్యూలో, గే స్ట్రీట్ వంతెన దగ్గర ఉంటుంది. వీధిలో చోటు దొరకకపోతే స్టేట్ స్ట్రీట్‌లో గరాజ్ ఉంది. పేరుకి తగ్గట్టే హిల్ అవెన్యూ ఎత్తుపల్లాల వీధి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని ముందు ఇంటి దగ్గర దింపి, తర్వాత కారు పెట్టుకోండి.

చిన్న జాగ్రత్తలు కొన్ని. అడుగు చదునుగా ఉన్న మామూలు బూట్లు వేసుకోండి. సూది హీల్స్ వద్దు, పాత చెక్క నేల మీద గుంటలు పడతాయి. స్ట్రోలర్ కారులోనే వదిలేయండి. పై అంతస్తుకి మెట్లెక్కాలి, మెట్లెక్కలేనివాళ్లు ఉంటే టికెట్ దగ్గరే చెప్పండి. ఫొటోలకి అనుమతి అడగండి, ఇచ్చినా ఫ్లాష్ వద్దు. వీపుకి తగిలించుకున్న బ్యాగ్ ముందుకి తిప్పుకోండి. ఇలాంటి ఇళ్లలో వస్తువులకి దెబ్బ తగిలేది ఎక్కువగా ఎవరో వెనక్కి తిరిగినప్పుడే.

ఇంకో మాట. మీ వాళ్లు ఇప్పటికే యాష్‌విల్‌లో బిల్ట్‌మోర్ చూసి ఉంటే, 250 గదుల ఆ భవనాన్ని మనసులో నుంచి తీసేయమనండి. బిల్ట్‌మోర్ 1895 నాటి రైలు సంపద. బ్లంట్ ఇల్లు దానికి నూరేళ్ల ముందుది, రైలు లేదు, సరైన బాట కూడా లేదు. మధ్యలో రెండంతస్తుల భాగం, అటూ ఇటూ ఒంటి అంతస్తు గదులు, అంతే. ఈ రోజు మన సబ్‌డివిజన్లలో ఇంతకంటే పెద్ద ఇళ్లు బోలెడు. దాన్ని మాన్షన్ అని ఎందుకన్నారన్నదే మీరు అక్కడ తేల్చుకోవాల్సిన విషయం.

కారులోనే కథ చెప్పేయండి

గైడ్ ఇంగ్లిష్‌లో గడగడా చెప్పుకుపోతుంటే పక్కన అమ్మకీ నాన్నకీ గుసగుసగా అనువదించడం కుదరదు. రెండూ పోతాయి. కాబట్టి అరగంట ముందే, కారులో, తెలుగులో కథ చెప్పేయండి. తర్వాత గదుల్లో వాళ్లు హాయిగా వస్తువులు చూస్తారు. పిల్లలకీ ఇదే మంచిది.

కథ ఇదీ. బ్లంట్ 1749లో నార్త్ కరోలినాలో పుట్టాడు. వ్యాపార కుటుంబం. స్వాతంత్ర్య యుద్ధం అయ్యాక అన్నదమ్ములు కలిసి అప్పలేచియన్ కొండలకి అవతల భూముల మీద పడ్డారు. కొలతలు కూడా సరిగ్గా వేయని భూముల మీద హక్కు పత్రాలు, లక్షల ఎకరాల లెక్కలో. 1787లో రాజ్యాంగం మీద సంతకం చేసినవాడు, 1790లో జార్జ్ వాషింగ్టన్ చేత కొత్త ప్రాంతానికి గవర్నర్‌గా నియమితుడయ్యాడు. ఇప్పటి టెనెస్సీ రాష్ట్రమే ఆ ప్రాంతం. గవర్నర్ పదవితో పాటు దక్షిణాది ఆదివాసీ జాతులతో వ్యవహారాలు చూసే పదవీ ఆయనదే. అంటే భూములు అమ్ముకునే మనిషే, ఆ భూముల మీద ఉన్న జాతులతో ప్రభుత్వం తరఫున మాట్లాడే మనిషి. ఈ ఒక్క సంగతి మీ నాన్నగారికి చెప్పి చూడండి, మిగతా కథ ఆయనే ఊహిస్తారు. ఆ జాతుల్లో ఒకరైన చెరోకీలు ఆయన్ని "మట్టి కెప్టెన్" అనేవారని అక్కడ చెప్పుకుంటారు.

మొదట తూర్పున రాకీ మౌంట్ అనే చోట వేరేవాళ్ల ఇంట్లో ఉండి పాలించాడు. తర్వాత రాజధానికి స్థలం ఎంచుకున్నది ఇక్కడే. జేమ్స్ వైట్ అనే రైతు 1786లో కట్టుకున్న దుంగల ఇల్లు, దాని చుట్టూ చిన్న కోట అప్పటికే ఉన్నాయి. 1791లో వైట్ అల్లుడు చార్లెస్ మెక్‌లంగ్ ఆ భూమిని 64 ప్లాట్లుగా కొలిచాడు. అప్పటి యుద్ధ మంత్రి హెన్రీ నాక్స్ పేరు ఊరికి పెట్టారు. బ్లంట్ భార్య మేరీ గ్రేంజర్ మంచి ఇంట్లో పెరిగిన మనిషి, ఆవిడ కోసమే కొండల ఇవతల కూడా సరైన ఇల్లు కట్టిస్తానని మాటిచ్చాడంటారు. పక్కనున్న మేరీవిల్ ఊరికీ, గ్రేంజర్ కౌంటీకీ ఆవిడ పేరే. నాక్స్‌విల్ ఎయిర్‌పోర్టు ఉన్నది బ్లంట్ కౌంటీలో. మన పిల్లలు చాలామంది చదువుతున్న యూనివర్సిటీ ఆఫ్ టెనెస్సీ కూడా 1794లో బ్లంట్ కాలేజీగా మొదలైందే.

1796 జూన్ 1న టెనెస్సీ 16వ రాష్ట్రమైంది. బ్లంట్ సెనేటర్ అయ్యాడు. ఇక్కడి నుంచి పిల్లలు చెవులు రిక్కించి వింటారు. భూముల ధరలు పడిపోయాయి, అప్పులు మీద పడ్డాయి. స్పెయిన్ చేతిలో ఉన్న ఫ్లోరిడా, లూసియానాలని బ్రిటిష్‌వాళ్లు పట్టుకునేలా సాయం చేయాలని కొందరితో కలిసి రహస్యంగా పథకం వేశాడు. 1797 ఏప్రిల్‌లో జేమ్స్ కేరీ అనే దుబాసీకి ఉత్తరం రాశాడు. మూడుసార్లు చదివి కాల్చెయ్యమని అందులోనే రాశాడు. కేరీ కాల్చలేదు. ఉత్తరం చేతులు మారి మారి అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ బల్ల మీదికి చేరింది. జూలై 7న ప్రతినిధుల సభ బ్లంట్‌ని అభిశంసించింది. అమెరికా చరిత్రలో అభిశంసనకి గురైన మొదటి ఫెడరల్ పదవిదారు ఆయనే. మర్నాడు సెనేట్ 25-1 ఓట్లతో బయటికి పంపింది.

తర్వాతి సంగతి ఈ ఇంటి గుమ్మంలోనే జరిగింది. విచారణకి పట్టుకు రమ్మని సెనేట్ తన అధికారి జేమ్స్ మాథర్స్‌ని నాక్స్‌విల్ పంపింది. బ్లంట్ ఆయనకి మర్యాదలన్నీ చేసి, రానని మాత్రం ఖచ్చితంగా చెప్పాడు. మాథర్స్ స్థానికుల సాయం కోరితే ఒక్కరూ ముందుకు రాలేదు. ఊరివాళ్లే కొందరు ఆయన్ని పొలిమేర దాకా సాగనంపి, బ్లంట్‌ని ఇక్కడి నుంచి తీసుకెళ్లడం కుదరదని మర్యాదగానే చెప్పి పంపించారు. 1798లో అదే బ్లంట్ రాష్ట్ర సెనేట్‌కి స్పీకర్ అయ్యాడు. 1800 మార్చిలో జ్వరంతో పోయాడు. అప్పటి దేశ రాజధాని ఫిలడెల్ఫియా బహిష్కరించిన మనిషిని నాక్స్‌విల్ నెత్తిన పెట్టుకుంది. ఎందుకని? కారులో పెద్దవాళ్లు వాదించుకోవడానికి మంచి ప్రశ్న. నాకు తోచింది ఒకటే, భూమి ఆకలి ఆయన ఒక్కడిది కాదు, ఆ ఊరందరిదీ.

ముందుగా వైట్ కోట

ఈస్ట్ హిల్ అవెన్యూలో జేమ్స్ వైట్స్ ఫోర్ట్ ఉంది. బ్లంట్ ఇంటికి నడిచి వెళ్లే దూరమే. టికెట్ వేరుగా కొనాలి. ఇప్పుడున్నది అసలు చోటు కాదు. 1906లో ఇల్లు కూల్చే పరిస్థితి వస్తే ఒకాయన కొని, దుంగలు విప్పించి వేరేచోట కట్టించాడు. 1960లలో మహిళా సంఘాలు పూనుకుని ఇప్పుడున్న చోటికి తెచ్చాయి. చుట్టూ ఉన్న గుడిసెలు, కంచె ఆ తర్వాత కట్టినవి.

ఇక్కడ అన్నీ చూడాలని లేదు. వైట్ ఉన్న పెద్ద దుంగల ఇల్లు ఒక్కటి బాగా చూడండి. మూలల దగ్గర నిలబడి, రెండు గోడల దుంగలు ఒకదాన్నొకటి ఎలా పట్టుకున్నాయో గమనించండి. దుంగ చివర గాడి కొట్టి, పై దుంగని అందులో కూర్చోబెట్టారు. దుంగల చదును ముఖం మీద అడ్డంగా గొడ్డలి గాట్లు తెలుస్తాయి. దుంగల మధ్య సందుల్ని మట్టితో, చెక్క ముక్కలతో కూరతారు. తర్వాత లోపలికి వెళ్లి తలుపు పక్కన కాసేపు నిలబడండి. ఎంత వెలుతురు వస్తోంది, ఎక్కడి నుంచి వస్తోంది అన్నది చూడండి. పిల్లల్ని గది మధ్యలో ఏదైనా చదవమనండి. గొడ్డలి ఒక్కటి, చుట్టూ అడవి ఉంటే ఇద్దరు ముగ్గురు కలిసి ఇలాంటి ఇల్లు లేపుకోవచ్చు. ఆ రోజుల్లో ఇక్కడ అందరిదీ ఇదే ఇల్లు. ఈ చీకటి కంటిలో ఉండగానే బ్లంట్ ఇంటికి నడిచి వెళ్లాలి. కారు తీయకండి.

ఇంటి బయట

టికెట్ తీసుకుని టూర్ మొదలయ్యేలోపు బయటే కొంత సేపు గడపండి. అడ్డంగా పరిచిన పలకలు చూడండి, పై పలక అంచు కింది పలకని కప్పుతూ వస్తుంది, వాన నీరు లోపలికి దిగదు. ఆ పలకల వెనక దూలాలతో కట్టిన చట్రం ఉంటుంది. ఇలాంటి ఇంటికి గొడ్డలి చాలదు. రంపంతో కోసిన కలప కావాలి, వడ్రంగులు కావాలి, వేల కొద్దీ మేకులు కావాలి. మేకులు నార్త్ కరోలినాలోని టార్‌బొరోలో బ్లంట్‌ల సొంత కార్ఖానా నుంచి, కిటికీ అద్దాలు వర్జీనియాలోని రిచ్‌మండ్ నుంచి వచ్చాయని చెబుతారు. రెండూ కొండలు దాటి రావాల్సిందే.

ఇప్పుడు కిటికీలు లెక్కపెట్టమని పిల్లలకి చెప్పండి. వైట్ ఇంటి నుంచి వచ్చినవాళ్లకి ఆ తేడా ఎవరూ వివరించక్కర్లేదు. చెరోకీలు దీన్ని ఎన్నో కళ్లున్న ఇల్లు అన్నారని అక్కడ తరతరాలుగా చెప్పుకునే మాట. ఆ మాట ఎవరు, ఎప్పుడు అన్నారన్నది పక్కన పెట్టినా, ఇల్లు కట్టిన ఉద్దేశం అందులో ఉంది. ఇక్కడ ప్రభుత్వం వచ్చింది, వెనక్కి పోవడానికి రాలేదు అని నది మీద పడవల్లో వచ్చేవాళ్లకీ, కొండల మీంచి చర్చలకి వచ్చే చెరోకీ పెద్దలకీ, దుంగల ఇళ్లలో ఉండే సొంత జనానికీ చెప్పడానికి ఈ ఇల్లు కట్టారు. మాన్షన్ అన్న పేరు గదుల సంఖ్యని బట్టి వచ్చింది కాదు.

అక్కడే పక్కన 1818 నాటి క్రేగ్‌హెడ్-జాక్సన్ ఇల్లు కనిపిస్తుంది, ఇటుకలది. దుంగలు 1786, పలకలు 1792, ఇటుకలు 1818. ముప్పై రెండేళ్లలో ఒక ఊరు ఎలా కుదురుకుందో ఒకే వీధిలో కళ్లారా చూడగలగడం అరుదు. ఇల్లు కట్టుకున్నవాళ్లు, కట్టుకోబోతున్నవాళ్లు మీలో ఉంటే ఈ మూడింటి గోడలు చూడటానికే రావచ్చు.

ఈ ఇల్లు మిగలడం కూడా అంత తేలిగ్గా జరగలేదు. 1925లో దీన్ని కూల్చి పక్కన రాబోయే హోటల్‌కి కార్లు పెట్టుకునే స్థలం చేయాలనుకున్నారు. మేరీ బాయ్స్ టెంపుల్ అనే ఆవిడ ఊరంతా కదిలించి, కొనడానికి డబ్బు పోగు చేయించింది. ఆ హోటల్ భవనం, ఆండ్రూ జాన్సన్, ఇప్పటికీ దగ్గర్లోనే ఎత్తుగా కనిపిస్తుంది. ఇంటి ముందు నిలబడి ఒకసారి దానివైపు తలెత్తి చూడండి, ఆవిడ ఎదురు నిలిచింది ఎంత పెద్ద దానికో తెలుస్తుంది. 1965లో ఈ ఇంటికి నేషనల్ హిస్టారిక్ ల్యాండ్‌మార్క్ హోదా వచ్చింది.

లోపల: ప్రతి గదిలో ఒకే ప్రశ్న

ఇల్లు మ్యూజియంగా మారినప్పుడు లోపలి వస్తువులు మూడు రకాలుగా ఉంటాయి. నిజంగా ఆ కుటుంబం వాడినవి. ఆ కుటుంబానివి కాకపోయినా ఆ కాలానివే అయినవి. ఈ మధ్య తయారుచేసిన నకళ్లు. ఏ గదిలోకి వెళ్లినా గైడ్‌ని అడగాల్సింది ఇదే: "ఈ గదిలో బ్లంట్‌లది ఏది?" మంచి గైడ్‌కి ఈ ప్రశ్న చాలా ఇష్టం. కంఠతా పట్టిన మాటలు ఆపి, ఒక వస్తువు దగ్గరికి వెళ్లి దాని కథ చెప్తారు. ఆ కాలపు వస్తువే అయినా విలువ తక్కువేమీ కాదు, అప్పటి బల్ల ఎత్తు, మంచం పొడవు, వెలుగు కోసం కొవ్వొత్తి ఎక్కడ పెట్టారన్నది అదే చెప్తుంది. కానీ ఏది ఏదో తెలుసుకుని చూడాలి.

ఇంటి సంగతీ అంతే. రెండు వందల ఏళ్లకి పైగా చేతులు మారిన ఇల్లు. తర్వాత వచ్చినవాళ్లు మార్చారు, చేర్చారు, 1920లలో బాగుచేసినవాళ్లు మళ్లీ మార్చారు. ఏ చెక్క పాతది, ఏది కొత్తది అని కొంత మీరే గుర్తుపట్టొచ్చు. నేల పలకల మీద, తలుపుల మీద మేకుల తలలు చూడండి. కమ్మరి చేత్తో కొట్టిన మేకు తల గుండ్రంగా ఉండదు, సుత్తి దెబ్బలకి మూడు నాలుగు పలకలు తేలి, ఏ రెండు తలలూ ఒకేలా ఉండవు. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు గుండ్రంగా, నున్నగా ఉంటే అవి తర్వాత కొట్టినవి. ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చూపిస్తే పిల్లలు మిగతా గదుల్లో వాళ్లే వెతుకుతారు.

అద్దాల దగ్గర ఇంకో పని. పాత అద్దం ఏ కిటికీలోనైనా మిగిలి ఉందా అని అడగండి. ఉంటే దాని ముందు నిలబడి బయటి చెట్టునో, కొమ్మనో చూస్తూ తల నెమ్మదిగా అటూ ఇటూ కదపండి. చేత్తో ఊది చేసిన అద్దం మందం అంతటా ఒకేలా ఉండదు, అందుకని కొమ్మ నీళ్లలో నీడలా వంగి, సాగి, మళ్లీ సరవుతుంది. ఇప్పటి అద్దంలో కొమ్మ కదలదు. అద్దాన్ని తాకొద్దు, ఊపిరి తగిలేంత దగ్గరికీ వెళ్లొద్దు.

తాడు కట్టిన చోట లోపలికి చెయ్యి పెట్టకూడదని పిల్లలకి ముందే చెప్పండి. చేతికున్న చెమట, నూనె చెక్క మీద పాలిష్‌నీ, ఇత్తడినీ తినేస్తాయి.

వెనక: వంటిల్లు, ఆఫీసు

చాలామంది ముందు గదుల్లోనే ఓపిక అయిపోయి ఇక్కడ తొందరపడతారు. మీరు మాత్రం ఓపిక ఇక్కడి కోసం దాచుకోండి.

వంటిల్లు విడిగా ఉంటుంది. నిప్పు భయం, వేసవి వేడి, రెండూ కారణాలే. ఇప్పుడున్న కట్టడం 20వ శతాబ్దంలో తిరిగి కట్టింది. పొయ్యి ముందు కాసేపు నిలబడి, ముందు గదిలో భోజనాల బల్ల ఎంత దూరంలో ఉందో గుర్తు తెచ్చుకోండి. వానలో, చలిలో, ఆ దూరం రోజుకి ఎన్నిసార్లు ఎవరు నడిచారు? బ్లంట్ కుటుంబం బానిసలుగా ఉంచుకున్న నల్లజాతి మనుషులు. కట్టెలు కొట్టింది, నీళ్లు మోసింది, వండింది, పిల్లల్ని పెంచింది వాళ్లు. గవర్నర్ గారి ఆతిథ్యం గురించి చరిత్రలో ఎంత గొప్పగా రాసినా, ఆ ఆతిథ్యం వాళ్ల చేతుల్లోంచి వచ్చిందే. మాథర్స్‌కి పెట్టిన భోజనం కూడా.

ఇక్కడ గైడ్‌ని మొహమాటం లేకుండా అడగండి: వాళ్లలో ఎవరి పేర్లయినా తెలుసా? ఎక్కడ పడుకునేవారు? బ్లంట్ పోయాక వాళ్లేమయ్యారు? ఇలాంటి ఇళ్లలో ఒకప్పుడు ఈ మాటే ఎత్తేవారు కాదు. ఇప్పుడు పరిశోధిస్తున్నారు, చెప్తున్నారు. సందర్శకులు అడిగే కొద్దీ ఇంకా చెప్తారు. పిల్లలకి చెప్పాలా వద్దా అని కొందరు తల్లిదండ్రులు సందేహిస్తారు. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకి చెప్పొచ్చని నా అభిప్రాయం. స్కూల్లో పుస్తకంలో చదివే బానిసత్వం ఒక పొయ్యి ముందు, ఒక నీళ్ల బకెట్ పక్కన వాళ్లకి అర్థమవుతుంది.

ఆఫీసు చిన్న ఒంటి అంతస్తు కట్టడం. రాష్ట్రం రాకముందు ఈ ప్రాంతానికి సచివాలయం అంటే ఇదే. 1796లో టెనెస్సీ మొదటి రాజ్యాంగం ముసాయిదాలో కొంత ఇక్కడే రాశారని చెబుతారు. మన సెక్రటేరియట్లు చూసిన కళ్లకి ఇది గుమాస్తా గదిలా కనిపిస్తుంది. కానీ సరిహద్దు కాపలాకి ఎవర్ని పంపాలి, చెరోకీలకి ఏమని జవాబివ్వాలి, ఎవరి భూమి పత్రం చెల్లుతుంది అన్నవన్నీ ఇక్కడ తేలేవి. 1793 సెప్టెంబర్‌లో పెద్ద చెరోకీ దండు నాక్స్‌విల్ మీదికి వస్తోందన్న వార్త వచ్చినప్పుడు ఊళ్లో ఉన్నది కొద్దిమంది మగవాళ్లే. దండు ఊరి దాకా రాకుండానే కావెట్స్ స్టేషన్ అనే చిన్న కోట ఇంటి మీద పడి, అక్కడి కుటుంబాన్ని చంపి తిరిగిపోయింది. కిటికీలన్ని ఉన్న ఇల్లు ఆ రాత్రుల్లో ఎలా అనిపించి ఉంటుందో ఊహించుకోండి.

తోట 20వ శతాబ్దపు వాళ్లు తమ అభిరుచికి వేసుకున్నది, బ్లంట్ నాటిది కాదు. పెద్దవాళ్లు కూర్చోవడానికి బాగుంటుంది.

ఇంటి నుంచి నది ఒడ్డుకి

ఇంటి నుంచి కిందికి దిగితే వాలంటీర్ ల్యాండింగ్ వస్తుంది. హోల్‌స్టన్ ఒప్పందాన్ని గుర్తుచేసే విగ్రహాలు అక్కడున్నాయి. 1791 జూలై 2న, ఇల్లు కట్టకముందే, బ్లంట్ ఈ ఒడ్డునే చెరోకీ పెద్దలతో ఒప్పందం చేసుకున్నాడు. పెద్ద భూభాగం వదులుకున్నందుకు ఏడాదికి 1,000 డాలర్ల విలువ చేసే సరుకులు ఇస్తామన్నారు. చెరోకీ ప్రతినిధులు ఫిలడెల్ఫియా దాకా వెళ్లి నిలదీస్తే 1792లో దాన్ని 1,500 చేశారు. ఇల్లు చూసి వచ్చి ఈ అంకెలు చదివితే వాటి బరువు తెలుస్తుంది. ఇంటికంటే ముందు ఇక్కడికి వస్తే అవి ఉత్త అంకెలే.

స్టేట్ స్ట్రీట్‌లో ఫస్ట్ ప్రెస్బిటేరియన్ చర్చి పక్కనున్న పాత శ్మశానంలో బ్లంట్, మేరీ, జేమ్స్ వైట్ సమాధులు ఉన్నాయి. అది ఒకప్పుడు వైట్ టర్నిప్ దుంపలు పండించిన చేను. కారు ఆ గరాజ్‌లోనే పెట్టి ఉంటే వెళ్లేటప్పుడు చూడొచ్చు, పెద్దవాళ్లు అలిసిపోతే మానేయొచ్చు.

రోజు చేతిలో ఉంటే వొనోర్

ఒక ఇంటివైపు కథే విని ఆగిపోకూడదనుకుంటే, నాక్స్‌విల్‌కి నైరుతి దిక్కున సుమారు నలభై మైళ్ల దూరంలో వొనోర్ అనే చిన్న ఊరుంది. అక్కడి సెక్వోయా మ్యూజియం చెరోకీల్లో ఈస్టర్న్ బ్యాండ్ అనే తెగది. అంటే కథ చెప్పేది వాళ్లే. సెక్వోయా చెరోకీ భాషకి 1821 నాటికి లిపి తయారుచేసిన మనిషి. అక్షరం అక్షరానికీ ఒక పూర్తి ధ్వని, క, కి, కు లాగా. గోడ మీద ఆ లిపి పట్టిక ముందు మీ అమ్మానాన్నలు మిగతా వాళ్లకంటే ఎక్కువ సేపు నిలబడతారు. టెనెస్సీ పేరుకి మూలమైన టనాసి ఊరు కూడా ఆ చుట్టుపక్కలే ఉండేది. 1979లో టెలికో డ్యామ్ కట్టాక నీళ్లలో మునిగింది. ఇప్పుడు ఒడ్డున స్మారకం ఉంది.

వొనోర్ నుంచి స్మోకీస్‌కి మళ్లీ నాక్స్‌విల్ వైపు వెనక్కి రావద్దు. 411 మీద మేరీవిల్ వెళ్లి, అక్కడి నుంచి 321 పట్టుకుంటే టౌన్‌సెండ్ వైపు నుంచి స్మోకీస్ నేషనల్ పార్కులోకి వెళ్తారు. ఐ-40 ఎగ్జిట్ 407 దగ్గర వీకెండ్‌లో ఉండే ట్రాఫిక్ తప్పుతుంది, కేడ్స్ కోవ్ కూడా దగ్గర. పార్కులో పావుగంట కంటే ఎక్కువ సేపు కారు ఆపితే పార్కింగ్ ట్యాగ్ ఉండాలి. రోజుకి 5 డాలర్లు, వారానికి 15. లోపల ఫోన్ సిగ్నల్ సరిగ్గా ఉండదు, కాబట్టి టౌన్‌సెండ్‌లోనే ట్యాగ్ కొనేసుకుని కారు అద్దానికి పెట్టుకోండి.